మోకాళ్లకు పీఆర్‌పీ ఇంజెక్షన్: గుజ్జు పెరుగుతుందా, నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 57. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు మాది. ముప్పై ఏళ్లుగా మిషను కుడుతున్నాను. బరువు 74 కిలోలు, ఎత్తు ఐదడుగులు. నాలుగేళ్ల నుంచి రెండు మోకాళ్లూ నొప్పి, కుడిది మరీ ఎక్కువ. కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేను. పట్నంలో చూపిస్తే ఎక్స్‌రే తీసి గ్రేడ్ 3 అరుగుదల, గుజ్జు తగ్గిపోయింది అన్నారు. మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు వేరుచేసి మోకాలికి ఎక్కిస్తే గుజ్జు మళ్లీ పెరుగుతుందని, నెలకొకటి చొప్పున మూడు చేయించుకోమని చెప్పారు. ఒక్కోటి 12 వేలు. డ్వాక్రా గ్రూపులో లోను తీసుకుందామనుకుంటున్నాను. మా ఆడపడుచు చేయించుకుంది, బాగుందంటోంది. పక్కింటావిడకి మాత్రం ఏమీ తేడా లేదట. నాకు షుగర్ ఉంది. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు, ఎకోస్ప్రిన్ వాడుతున్నాను. నొప్పి తట్టుకోలేనప్పుడు మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ బిళ్ల వేసుకుంటాను, వారానికి నాలుగైదు పడుతున్నాయి. ఈ ఇంజెక్షన్ చేయించుకోవచ్చా? బాగా నొప్పి పుడుతుందా? ఎన్నాళ్లు మిషను తొక్కకూడదు?

జవాబు: అమ్మా, ఇంజెక్షన్ సంగతికి తర్వాత వస్తాను. మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం దానికంటే ముఖ్యం. గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ బిళ్లలు వేసుకోకూడదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు ఇది ఇవ్వవద్దని యూరప్‌లోని మందుల నియంత్రణ సంస్థ 2013లోనే చెప్పింది. ఈ బిళ్ల గుండెపోటు ముప్పును పెంచుతుంది. పైగా రక్తం గడ్డకట్టకుండా చూసే ఎకోస్ప్రిన్ కూడా మీరు వాడుతున్నారు కాబట్టి కడుపులో పుండు పడి రక్తం పోయే అవకాశం ఎక్కువవుతుంది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు కూడా ఇది మంచిది కాదు. షాపు అబ్బాయికి మీ స్టెంట్ సంగతి తెలియదు, మీరూ చెప్పి ఉండరు. అతను అడిగింది ఇచ్చాడు, అంతే. ఈ రోజు నుంచే ఆ బిళ్ల మానేయండి. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ 650 వేసుకోండి, రోజుకు మూడుకు మించకుండా. కాలేయం జబ్బు ఏదైనా ఉంటే అది కూడా అడగకుండా వద్దు. గుండె డాక్టరు దగ్గరికి ఈసారి వెళ్లినప్పుడు ఇన్నాళ్లూ డైక్లోఫెనాక్ వాడానని దాచకుండా చెప్పండి. క్రియాటినిన్ పరీక్ష చేయించమని అడగండి, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది.

ఇక పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. మీకు చేయించుకోమన్న ఇంజెక్షన్ ఇదే. ప్లేట్‌లెట్లు అంటే ఏమిటో మనవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. డెంగీ పుణ్యమా అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పొద్దుటా సాయంత్రం కౌంట్ ఎంతుందని లెక్క చూసినవాళ్లే, బొప్పాయి ఆకు రసం తాగినవాళ్లే. మామూలు మనిషి రక్తంలో ఒక మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి. దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టించడం వాటి మొదటి పని. ఆ తర్వాత లోపల దాచుకున్న కొన్ని ప్రొటీన్లను అక్కడ వదులుతాయి. వీటిని గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. గాయం మానే పనిని ఇవి మొదలుపెట్టిస్తాయి. ప్లేట్‌లెట్లను మూడు నాలుగు రెట్లు చిక్కగా చేసి అరిగిన కీలులో వదిలితే అక్కడి వాపు, మంట తగ్గి నొప్పి తగ్గుతుందేమో అన్నదే పీఆర్‌పీ వెనక ఉన్న ఆలోచన. ఆలోచన బాగానే ఉంది. మనిషి మోకాలిలో అది ఎంతవరకు నిజమవుతోందన్నదే అసలు ప్రశ్న.

గుజ్జు పెరుగుతుందని మీకు చెప్పిన మాట దగ్గర నేను ఒప్పుకోను. ఎముకల చివర నున్నగా ఉండే ఆ పొరకు సొంతంగా రక్తనాళాలు లేవు. ఒకసారి అరిగాక దాదాపుగా తిరిగి రాదు. దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో 50 ఏళ్లు దాటిన 288 మందిపై చేసిన పెద్ద పరిశోధన 2021 నవంబరులో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. అందరికీ మోకాలి అరుగుదలే, మీలాగా మధ్యస్థంగా అరిగినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు వేశారు, మిగతా సగానికి వట్టి ఉప్పునీరు, అంటే సెలైన్ వేశారు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, సూది వేసిన డాక్టరుకూ తెలియదు. ఏడాది తర్వాత ఎంఆర్‌ఐ తీసి చూస్తే మోకాలి లోపలి వైపు గుజ్జు పీఆర్‌పీ వేసినవాళ్లలో 1.4 శాతం తగ్గింది, సెలైన్ వేసినవాళ్లలో 1.2 శాతం తగ్గింది. పెరగడం మాట అటుంచండి, అరుగుదల ఆగను కూడా లేదు.

నొప్పి లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పదికి ఇన్ని మార్కులని నొప్పిని కొలిస్తే, ఏడాదికి పీఆర్‌పీ వాళ్లకు 2.1 తగ్గింది. ఉప్పునీటి వాళ్లకు 1.8 తగ్గింది. అంటే రెండు గుంపులవాళ్లకూ నొప్పి తగ్గింది, దాదాపు ఒకేలా తగ్గింది. మీ ఆడపడుచు అబద్ధం చెప్పడం లేదు, పక్కింటావిడా అబద్ధం చెప్పడం లేదు. అరుగుదల నొప్పికి ఒక గుణం ఉంది. అది ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు, ఒక రెండు నెలలు విజృంభిస్తుంది, తర్వాత కాస్త నెమ్మదిస్తుంది. మనం డాక్టరు దగ్గరికి పరిగెత్తేది సరిగ్గా విజృంభించినప్పుడే. అప్పుడు ఏ సూది వేయించుకున్నా రెండు నెలలకు కొంత తేలిక ఎలాగూ వస్తుంది, ఆ పేరు సూదికి పోతుంది. 12 వేలు ఖర్చుపెట్టి, రక్తం తీయించుకుని, వారం పాటు కాలు జాగ్రత్తగా చూసుకుంటే వచ్చే నమ్మకం కూడా తక్కువదేం కాదు. అదీ నొప్పిని తగ్గిస్తుంది.

అలాగని పీఆర్‌పీ పనికిరాదని గీత గీసి చెప్పలేం. ఆ ఆస్ట్రేలియా పరిశోధనలో వాడిన పీఆర్‌పీలో ప్లేట్‌లెట్లు పలచగా ఉన్నాయని విమర్శ ఉంది. మోకాలికి మామూలుగా వేసే జెల్ ఇంజెక్షన్‌తో, అంటే హయాలురానిక్ యాసిడ్‌తో పోల్చి చూసిన కొన్ని పరిశోధనల్లో ఆరు నెలలకు, ఏడాదికి పీఆర్‌పీ వాళ్లే కొంచెం మెరుగ్గా ఉన్నారు. అందుకే పెద్ద సంస్థలు కూడా ఒక్క మాట మీద లేవు. అమెరికాలో కీళ్లవాత డాక్టర్ల సంఘం 2019లో మోకాలి అరుగుదలకు పీఆర్‌పీ వద్దని గట్టిగానే చెప్పింది. ఒక్కో చోట ఒక్కోలా తయారుచేస్తున్నారు కాబట్టి ఏది వేస్తున్నారో కూడా తెలియడం లేదన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. అదే దేశంలో ఎముకల సర్జన్ల సంఘం 2021లో, నొప్పి తగ్గించవచ్చు గానీ ఆధారాలు పరిమితం అంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2019లో భద్రత విషయంలో పెద్ద భయం లేదని చెబుతూనే, పనిచేస్తుందనడానికి నాణ్యమైన రుజువు చాలదంది. నేను చూసినంతలో తక్కువ అరుగుదల, అంటే గ్రేడ్ 1, 2 ఉన్నవాళ్లు, బరువు అదుపులో ఉన్నవాళ్లు కొన్ని నెలలు హాయిగా ఉన్నామని చెబుతారు. గ్రేడ్ 4 వాళ్లకు నేను అసలు సలహా ఇవ్వను. మీరు మధ్యలో ఉన్నారు.

కాబట్టి మీకు నా మాట: అప్పు చేసి మాత్రం వద్దు. చేతిలో మిగులు డబ్బు ఉండి, కొన్ని నెలల ఉపశమనం వచ్చినా రాకపోయినా పర్వాలేదనుకునేవాళ్లు ప్రయత్నించి చూడగల వైద్యం ఇది. నెలనెలా వాయిదా కట్టుకుంటూ, ఆ వాయిదా కోసం ఇంకో రెండు జాకెట్లు ఎక్కువ కుడుతూ చేయించుకోవాల్సింది కాదు. ముందు మూడు నెలలు నేను కింద చెప్పేవి చేసి చూడండి.

మోకాలికి అసలు బలం తొడ ముందువైపు కండరం. నాలుగేళ్ల నొప్పితో మీరు కుడికాలు మీద బరువు వేయడం తగ్గించి ఉంటారు, ఆ కండరం సన్నబడి ఉంటుంది. నిలబడి రెండు తొడలూ టేపుతో కొలిచి చూడండి. మోకాలి చిప్పకు జానెడు పైన. కొలతలు తీయడం మీకు నేను నేర్పక్కర్లేదు. కుడివైపు అంగుళం తక్కువ వచ్చినా నేను ఆశ్చర్యపోను. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకోండి. తువ్వాలును మోకాలితో కిందికి అదిమి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలు వంచకుండా అడుగు ఎత్తు లేపి కాసేపు నిలిపి దించండి. అదీ పదిసార్లు. రెండూ పొద్దున, సాయంత్రం. మొదటి పదిరోజులు కాస్త సలుపుతుంది, దానికి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. ఆరు వారాలు దాటితే మెట్ల దగ్గర తేడా మీకే తెలుస్తుంది. ఒక్కసారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లి, చేసే పద్ధతి సరిగా ఉందో లేదో చూపించుకుంటే ఇంకా మంచిది.

బరువు గురించి ఎవరు చెప్పినా మనకు కోపం వస్తుంది, అయినా చెప్పాలి. ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపించారు. మీరు ఐదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై కిలోలు. రాత్రి అన్నం సగానికి తగ్గించి ఆ చోట కూర, పప్పు పెంచితే మీ షుగరుకూ మంచిదే. షుగరు మందులు మాత్రం డాక్టరును అడిగి సర్దుకోండి. కింద కూర్చోవడం, పీటలు, బాసింపట్టు మానేయండి. వాకిట్లో ముగ్గు మీద మరీ మనసు పోతే వంగి వేయండి, గొంతుక్కూర్చోకండి. మరుగుదొడ్డి కింద కూర్చునేదైతే, మధ్యలో కంత ఉన్న ప్లాస్టిక్ కుర్చీ దాని మీద పెట్టుకోవచ్చు. బయటికి వెళ్లేటప్పుడు చేతికర్ర ఎడమచేతిలో పట్టుకోండి. నొప్పి ఉన్నది కుడికాలికి కదా అని చాలామంది కుడిచేతిలో పట్టుకుంటారు, దానివల్ల ఫలితం తక్కువ.

మిషను సంగతి. కాలితో తొక్కే మిషనులో మోకాలు రోజంతా ఆడుతూనే ఉంటుంది. మోటారు పెట్టించండి. పాత మిషనుకైనా మోటారు బిగిస్తారు, పాదం కొసతో నొక్కితే చాలు. అది పీఆర్‌పీ ఒక్క ఇంజెక్షన్ ఖరీదులో చిన్న వంతుకే వస్తుంది. మీరు లోను తీసుకుంటే దీనికి తీసుకోండి. స్టూలు కూడా మార్చండి. తుంటి మోకాలి కంటే కొంచెం ఎత్తులో ఉండేలా కూర్చుంటే లేవడం సులువు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఇవన్నీ చేశాక కూడా నొప్పి అలాగే ఉండి, డబ్బు సర్దుబాటై, చేయించుకోవాలనే అనుకుంటే, ఆ రోజు ఏం జరుగుతుందో తెలుసుకుని వెళ్లండి. ముందుగా రక్తపరీక్ష చేస్తారు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు సరిపడా ఉండాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష కూడా అడగండి, షుగరు బాగా ఎక్కువగా ఉంటే కీలులోకి సూది వేయించుకోవడం వాయిదా వేయాలి. పీఆర్‌పీలో స్టెరాయిడ్ ఉండదు కాబట్టి దానివల్ల షుగరు పెరగదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే కొన్ని రోజులు పెరుగుతుంది. ఒంట్లో ఎక్కడైనా చీముపుండు, జ్వరం, పంటి ఇన్ఫెక్షన్ ఉంటే ఆ రోజు వద్దు. మామూలుగా నొప్పి బిళ్లలు వారం, పది రోజుల ముందు నుంచి ఆపమంటారు, అవి ప్లేట్‌లెట్ల పనికి అడ్డొస్తాయని. ఈ మాట విని మీరు ఎకోస్ప్రిన్ ఆపేస్తారేమోనని నాకు భయం. స్టెంట్ ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా ఒక్కరోజు కూడా ఆపకూడదు. మోకాలి డాక్టరు ఆపమన్నా సరే, గుండె డాక్టరుతో మాట్లాడమని ఆయన్నే అడగండి. ఆపడానికి గుండె డాక్టరు ఒప్పుకోకపోతే పీఆర్‌పీనే మానుకోండి, ఎకోస్ప్రిన్‌ను కాదు.

పరగడుపున వెళ్లక్కర్లేదు. టిఫిను తిని, నీళ్లు బాగా తాగి వెళ్తే నరం సులువుగా దొరుకుతుంది. మోచేతి దగ్గర రక్తం తీస్తారు. ఎంత తీస్తారన్నది వాళ్లు వాడే కిట్టును బట్టి, 15 మిల్లీలీటర్ల నుంచి 60 వరకు ఉండవచ్చు. గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టంలో పోసి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. బయటికి తీసినప్పుడు చూడండి, మీకూ చూపిస్తారు. అడుగున ముదురు ఎరుపు, దాని మీద దారమంత సన్నటి తెల్లటి గీత, పైన ఎండుగడ్డి రంగు నీరు. ఆ గీత, దాని చుట్టుపక్కలే ప్లేట్‌లెట్లు ఎక్కువ. కొన్ని పద్ధతుల్లో రెండోసారి తిప్పి ఇంకా చిక్కబరుస్తారు. చివరికి మిగిలేది ఐదారు మిల్లీలీటర్లే.

ఆ గొట్టం మీద మీ పేరు రాశారో లేదో చూసుకోవడానికి మొహమాటపడకండి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి పీఆర్‌పీ వేయించుకున్న కొందరికి హెచ్‌ఐవీ సోకింది. ఆ సంగతిని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో వివరంగా బయటపెట్టింది. అక్కడ పేర్లు రాయని రక్తపు గొట్టాలు దొరికాయి. మీ రక్తం మీకే ఎక్కిస్తున్నంతవరకు ఆ భయం లేదు, మీదేనని ఖాయం చేసుకోవడమే మీ పని. సూది, సిరంజి కొత్తవి మీ ఎదురుగా విప్పాలి. వేసేది ఎవరో, డాక్టరా కాదా, అదీ అడగండి. ఇది స్టెమ్ సెల్ వైద్యం అని చెబితే అక్కడినుంచి వచ్చేయండి, పీఆర్‌పీలో స్టెమ్ సెల్స్ ఉండవు.

సూది వేసేటప్పుడు నొప్పి ఉంటుందా అని అడిగారు. చర్మం దగ్గర చురుక్కుమంటుంది, లోపల బరువుగా, ఉబ్బినట్టు అనిపిస్తుంది. చాలామంది తట్టుకుంటారు. మోకాలిలో నీరు చేరి ఉంటే ముందు అది లాగేస్తారు, అప్పుడు నిజానికి హాయిగా ఉంటుంది. స్కానింగ్‌లో చూస్తూ వేస్తే సూది సరైన చోట పడుతుంది. అసలు బాధ ఆ రాత్రి, మర్నాడు. మోకాలు వాచి, లోపల సలుపుతుంది. రెండు మూడు రోజులు, కొందరికి వారం. ఇది మామూలే. ఐస్‌ను గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున పెట్టండి, పారాసిటమాల్ వేసుకోండి. ఈ సలుపుకు డైక్లోఫెనాక్ మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు. ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రండి, బస్సు మెట్లు వద్దు. ఇంట్లో నడవొచ్చు. వారం పాటు మిషను తొక్కడం, బరువులెత్తడం, మెట్లు ఎక్కువగా ఎక్కడం మానండి. మోటారు మిషనైతే నాలుగైదు రోజులకు కూర్చోవచ్చు.

వెంటనే తేడా కనబడకపోతే నిరాశపడకండి, కనబడినా సంబరపడకండి. ఫలితం ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలకు మొదలవుతుంది, మూడు నెలలకు తేలిపోతుంది. కలిసొచ్చినవాళ్లకు ఆరు నెలలు, ఏడాది దాకా ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. మొదటి ఇంజెక్షన్‌కు ముందురోజు నొప్పికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆగకుండా ఎంతసేపు నడవగలరో కూడా రాయండి. మూడు నెలలకు మళ్లీ రాయండి. మూడింటికీ కలిపి ముందే డబ్బు కట్టే ప్యాకేజీకి ఒప్పుకోకండి. ఆరోగ్య బీమా ఉంటే ఇది వస్తుందో రాదో కట్టేముందే అడగండి. మూడు నెలలకు రెండు మార్కులు కూడా తగ్గకపోతే ఆ మోకాలికి మళ్లీ పీఆర్‌పీ జోలికి పోవద్దు. అప్పుడు నడక పూర్తిగా ఆగిపోతున్నా, రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టకపోయినా మోకీలు మార్పిడి గురించి మాట్లాడాల్సి వస్తుంది. దానికి మీ వయసు మరీ చిన్నదేం కాదు, స్టెంట్ ఉన్నా గుండె డాక్టరు చూసి ఒప్పుకుంటే చేస్తారు.

ఒకవేళ చేయించుకుంటే ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. సూది వేసిన మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, మోకాలు ఎర్రబడి కాలిపోతున్నట్టున్నా, చలితో జ్వరం వచ్చినా, కాలు కొంచెం కూడా వంచలేకపోయినా, పిక్క వాచి గట్టిపడినా అది మామూలు సలుపు కాదు. కీలులో ఇన్ఫెక్షన్ చాలా అరుదు, కానీ షుగరు ఉన్నవాళ్లలో అది గంటల్లో ముదురుతుంది. ఆ డాక్టరు ఫోన్ నంబరు ముందే తీసుకోండి. ఆదివారమైనా, పండగైనా, అర్ధరాత్రయినా సరే, తెల్లారాక చూద్దామని ఆగకుండా పట్నం వెళ్లిపోండి.